యానాములో విన్నవి, కన్నవి: తెలుగు బాలల విద్యాప్రసారములు

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలు చోట యానాము కలదు. చుట్టును ఆంధ్రదేశమే. మెట్టకూరు, కనకాలపేట, దరియాలతిప్ప మున్నగు పల్లెలతో కూడి ముప్పది చదరపు కిలోమీటర్ల నేల. 2011 నాటి జనగణనమున 55,626 మంది ప్రజలు. కాకినాడ ముప్పది కిలోమీటర్ల దూరమున నుండగా, పాలనాకేంద్రమగు పుదుచ్చేరి దక్షిణమున 870 కిలోమీటర్ల దూరమున నున్నది. ఇంటిలో మాట తెలుగు. కచేరీ కాగితము వచ్చునది తమిళదేశము నుండి. బడిలో పాఠ్యపుస్తకము చిరకాలము ఆంధ్ర ప్రదేశముది. ఇట్టి ఊరిలో పెరిగిన బాలునికి గాలిలో తేలివచ్చిన చదువు ఏ దిక్కునుండి వచ్చినది అను ప్రశ్న, మరియొక ఊరిలో అడిగినంత తేలికగా తెమలునది కాదు.

నేడు నలువది మొదలు అరువది యేండ్ల వయసులో నున్న తెలుగువారు నలుగురు కూడినచోట, చిన్ననాడు చూచిన టెలివిజను కార్యక్రమముల ప్రస్తావన రాక తప్పదు. పొరుగింటి వసారాలో చాపపై కూర్చుండి చూచిన నలుపుతెలుపు బొమ్మలు, గాలివానకు తిరిగిపోయిన ఆంటెన్నాను డాబామీద నిలిచి త్రిప్పుచు "ఇప్పుడు వచ్చినదా?" అని కేకవేయుట, అర్థము తెలియకయే నోటికి వచ్చిన హిందీ బాలగీతములు - ఇవి వారి సంభాషణలకు సొమ్ములు. ఈ మమకారమును తక్కువ చేయవలసిన పనిలేదు. కాని "ఆ రోజులలో పిల్లలమందరము అవే చూచితిమి" అను మాట మాత్రము పరిశీలింపదగినది. చరిత్ర చెప్పునది అది కాదు. ఒకే యేట పుట్టిన తెలుగు బాలలలో కర్నూలు జిల్లా పల్లెవాని కొక బాల్యము, హైదరాబాదు నగరవాసి కొక బాల్యము, యానాము వాని కింకొక బాల్యము కలుగుటకు ప్రసారకేంద్రముల దూరమును, ఉపగ్రహముల ఆయువును, పాలకుల నిర్ణయములును కారణములైనవి.

టెలివిజనుకు ముందు రేడియో. మద్రాసులో 1924లోనే రేడియో క్లబ్బు వెలసినను, ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వచ్చినది. ఈ నడుమ పదియేండ్లును తెలుగు బాలల విద్యావినోదములకు మద్రాసే ఆధారము. అచ్చట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడపిన "బాలానందము" తెలుగుదేశమున పిల్లల కార్యక్రమమున కొక రూపము దిద్దినది. 1945లో వారు "బాల" అను మాసపత్రికను కూడ స్థాపించిరి. ఆంధ్ర రాష్ట్రములు కలిసిన పిమ్మట హైదరాబాదు చేరి, నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘమును నిలిపిరి. కామేశ్వరి 1980లోను, రాఘవరావు 1984లోను కీర్తిశేషులైరి.

వారి నెవరును పేరు పెట్టి పిలువలేదు. ఆయన "రేడియో అన్నయ్య", ఆమె "రేడియో అక్కయ్య". ఇది చిన్న సంగతిగా తోచవచ్చును గాని, తెలుగు బాలల ప్రసారచరిత్రలో ఇంతకు మించిన యుక్తి మరియొకటి లేదు. ఆనాటి బడిలో చదువు చెప్పువాడు పంతులుగారు. ఆయన చేతిలో బెత్తముండును. ఇంటిలో తండ్రి, ఆయన యెదుట కూర్చుండుటయే అరుదు. అన్నయ్య యన్నచో తెలిసినవాడు, తెలియనిదానిని వెక్కిరింపక చెప్పువాడు, తప్పు చేసినను దాచువాడు. బెత్తము లేని గురువును తెలుగు కుటుంబములోనే వెదకి తెచ్చి పెట్టెలో కూర్చుండబెట్టిరి. పాటలు, నాటికలు, పొడుపుకథలు చెప్పునది పెద్దలు కాదు, పిల్లలే. తరువాతి కాలమున హైదరాబాదు కేంద్రములో తురగా జానకీరాణి అదే "అక్కయ్య" స్థానమును స్వీకరించి, ఆ పిలుపుతోనే 2014లో మరణించువరకు జనులకు పరిచితురాలై యుండిరి.

ఈ ప్రసారములు పుట్టిన కాలమున యానాము ఫ్రెంచివారి చేతిలో నున్నది. 1723లో వర్తకస్థానముగా నెలకొని, విడువబడి, 1731లో మరల స్థిరపడి, ఆంగ్లేయ యుద్ధములలో పలుమార్లు చేతులు మారిన ఈ ఊరికి సుంకపు చావడి ఒక నిత్యసత్యము. ఎల్ల దాటిన వస్తువునకు లెక్క చెప్పవలెను. రేడియో తరంగమునకు మాత్రము సుంకము లేదు. పెట్టె గలవాని ఇంటికి మద్రాసు తెలుగు ఏ అనుమతియు లేక చేరగలదు. పెట్టె గలవారు కొలదిమందియే యనుట వేరు మాట. గోదావరి జిల్లాల పల్లెలలో సయితము, పంచాయతీ రేడియో వచ్చువరకు అది కలవారి వస్తువే.

ఎల్లను దాటి యానామునకు వచ్చినది రేడియో మాత్రమే కాదు. 1929లో ఆంగ్లేయ భారతమున శారదా శాసనము వెలువడి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునికిని వివాహము చేయుట నేరమైనది. ఆ శాసనము ఫ్రెంచి సీమకు వర్తింపదు. కావున చుట్టుప్రక్కల జిల్లాల నుండి తల్లిదండ్రులు పసిపిల్లలను బండ్లపై నెక్కించుకొని యానాము వచ్చి, ముహూర్తములు జరిపించుకొని పోవుచుండిరి. ఊరికి కల్యాణపురమను పేరు కూడ దీనివలననే వచ్చినది. ఒక దిక్కున బాలలను బాలలుగా గుర్తించి, వారికొక గంటను ప్రత్యేకించి, వారిచేతనే పాడించు "బాలానందము" ఎల్లను దాటి లోనికి వచ్చుచుండగా, మరియొక దిక్కున బాల్యమును ముగించుటకై వచ్చు పెండ్లిబండ్లు అదే ఎల్లను దాటుచుండెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కల నుంచి చూడనిచో, పిల్లల కొరకు ప్రత్యేకముగా ఒక కార్యక్రమము అను భావన ఆనాటికి ఎంత క్రొత్తదియో బోధపడదు.

యానాము విమోచనము 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున జరిగినది. ఆ సంవత్సరమే నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలన భారతదేశము చేతికి వచ్చినది. న్యాయతః సంక్రమణము 1962 ఆగస్టు 16న పూర్తియైనది. అప్పటినుండి యానాము బాలునికి విజయవాడ రేడియో స్వదేశపు గొంతే. 1963లో విశాఖపట్టణ కేంద్రమును తోడైనది. పాలన పుదుచ్చేరిదైనను శ్రవణము ఆంధ్రదేశముదే. ఈ ఏర్పాటును ఎవరును శాసింపలేదు, ఎవరును కాదనలేదు.

ఇక టెలివిజను. భారతదేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలైన టెలివిజను పాఠశాలల కొరకును పనిచేసినది గాని, అది ఢిల్లీకే పరిమితము. తెలుగు పిల్లల కొరకు తెలుగులో టెలివిజను పాఠములు మొదట వచ్చినది ఏ నగరమునకో కాదు. కరెంటు స్తంభము కూడ సరిగా చేరని పల్లెలకు. ఇది వినువారికి ఆశ్చర్యము గొలుపు విషయము.

విక్రమ్ సారాభాయి ఆలోచన యిది. నగరములలో కేంద్రములు కట్టుకొనుచు, అవి క్రమముగా పల్లెలకు ప్రాకువరకు ముప్పది నలువది యేండ్లు వేచియుండుట కంటె, ఉపగ్రహము ద్వారా ఒక్కసారిగా మారుమూల పల్లెకే చేరవచ్చునని ఆయన వాదము. 1969 సెప్టెంబరు 18న భారత అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును ఒడంబడిక కుదిరినది. సారాభాయి 1971 డిసెంబరులో మరణించెను. ఆ ఫలమును కన్నుల చూడలేదు. నాసావారు 1974 మే 30న ప్రయోగించిన ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును మరుసటి యేడు తూర్పునకు జరిపి, భారతదేశమునకు ఎదురుగా నిలిపిరి. 1975 ఆగస్టు 1న ప్రసారము మొదలైనది. దీనినే ఉపగ్రహ బోధన టెలివిజను ప్రయోగమనిరి. ఆంగ్ల నామపు పొడి అక్షరములతో "సైట్" అని లోకవాడుక.

ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలు ఎన్నుకొనబడినవి. ఆంధ్ర ప్రదేశ్‌లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలకు ఈ యోగము పట్టినది. వెనుకబాటే ఎన్నికకు ప్రధానమైన అర్హత. గోదావరి జిల్లాలు పంటకాలువల దేశము. వానికి ఆ అర్హత లేకపోయెను. యానాము సరేసరి, అది ఆ రాష్ట్రమే కాదు. ఏదో ఒక లేమి వలన లాభము కలిగిన సందర్భములు చరిత్రలో అరుదు, ఇది అట్టిదొకటి.

పల్లెలో నమర్చిన పరికరమును వర్ణించుట అవసరము. మూడు మీటర్ల వెడల్పు గల గిన్నెవంటి ఆంటెన్నా. అది కోళ్ల గూళ్లకు వాడునట్టి ఇనుపతీగ వలతో చేసినది. తేలికగా నుండును, గాలికి తట్టుకొనును, చెడినచో సవరించుట సులభము. దాని క్రింద పెట్టె, పెట్టెతో టెలివిజను. బడిలోనో, పంచాయతీ చావడిలోనో దీని నుంచి, ఊరిలో ఒకనికి అప్పగించిరి. కరెంటు లేనిచోట్ల బ్యాటరీలతో నడపిరి. ఇంత సాదా పరికరముతో ముప్పదియారు వేల కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహము నుండి నేరుగా బొమ్మను పట్టుట ఆ నాటికి ప్రపంచమున మరెచ్చటను ఇంత విస్తారముగా జరుగలేదు. ఉపగ్రహప్రసారములను ముందే ఊహించి వ్రాసిన ఆర్థర్ క్లార్క్‌కు సింహళద్వీపమున ఆయన ఇంటనే ఇట్టి పరికరము నొకదానిని అమర్చిరి. మహబూబ్‌నగర్ పల్లెబడి పిల్లవాడును, ఆ మహారచయితయు ఒకే యేడు ఒకే ఆకాశము నుండి ఒకే బొమ్మను చూచిరనుట అతిశయోక్తి కాదు.

ఉదయమున పిల్లలకు గంటన్నర కాలము. నాలుగు భాషలకు, అనగా హిందీ, కన్నడము, ఒరియా, తెలుగులకు, సమముగా పంచగా ఒక్కొక్క భాషకు వచ్చినది ఇరువదిరెండున్నర నిమిషములు. అయిదు మొదలు పండ్రెండేండ్ల బాలలు దీనికి గురి. సాయంత్రము రెండున్నర గంటలు పెద్దలకు: వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబనియంత్రణము, కొంత వినోదము. హైదరాబాదు, కటకము, ఢిల్లీలలోని నిర్మాణకేంద్రములు కార్యక్రమములను తయారుచేసినవి. పిల్లల విజ్ఞానపాఠములలో కొన్ని ఇస్రో వారి సొంత స్టూడియోలో రూపొందినవి. అహమదాబాదు అంతరిక్ష అనువర్తన కేంద్రమునకు అధిపతియైన యశ్‌పాల్, కార్యక్రమనిర్వాహకుడైన ఏకనాథ చిట్నిస్ ఈ యత్నమునకు వెన్నెముకలు. బొమ్మను చూపి పాఠమును వల్లెవేయించుట కాక, చుట్టునున్న నీరు, గాలి, చెట్టు, పురుగులను చూచి ప్రశ్నించుట నేర్పవలెనని విజ్ఞానపాఠములు తీసినవారి పట్టుదల.

ఫలిత మేమైనది? ఈ ప్రయోగమును వెంటాడి పరీక్షించినంతగా మరి యే ప్రసారమును ఈ దేశమున పరీక్షింపలేదేమో. పరిశోధకులు పల్లెలలో నివసించి వ్రాసిరి. వారు తేల్చినది మిశ్రమము. బడికి వచ్చు పిల్లల సంఖ్య పెరుగలేదు. నడుమ మానుట తగ్గలేదు. టెలివిజను ఉన్నంత మాత్రమున మేకలు కాయు పిల్లవానిని తండ్రి బడికి పంపడు. దానికి వేరు కారణములు కలవు. కాని బడిలో నున్న పిల్లల భాష మెరుగైనది. తెలియని సంగతులను ఇతరత్ర వెదకి తెలిసికొను నాసక్తి పెరిగినది. పెద్దలలో, ఆరోగ్యవిషయములలో పురుషుల కంటె స్త్రీలే ఎక్కువ గ్రహించిరట. మొదట గుంపులుగా వచ్చిన ప్రేక్షకులు క్రమముగా తగ్గి, పెట్టెకు నూరుమంది చొప్పున స్థిరపడిరి. నూరుమంది తక్కువేమియు కాదు. నేడు ఒక ఇంట ముగ్గురు కూర్చుండి చూచిన విశేషమే.

1976 జూలై 31న ప్రసారము ఆగినది. ఉపగ్రహము ఎరువు తెచ్చినది. ఒడంబడిక ఒక్క సంవత్సరమునకే. నాసావారు దానిని మరల పడమరకు జరిపిరి. ఒకటవ తరగతిలో చేరిన బాలుడు రెండవ తరగతికి వచ్చుసరికి తెర చీకటి. పిల్లల టెలివిజనును గూర్చిన మమకారమునకు తెలుగుదేశమున మొట్టమొదటి అర్హులు వీరే. కాని బాల్యస్మృతులను గూర్చిన సంభాషణలలో ఆ పల్లెలవారి మాట వినబడుట అరుదు. స్మృతులను వ్రాయువారు తరచు నగరములవారు; పండ్రెండు నెలలు మాత్రము చూచి పోగొట్టుకొన్న దానిని పల్లెవాడు పాట కట్టి పాడుకొనడు.

ఆ పల్లెలను పూర్తిగా విడిచిపెట్టితి మనిపించుకొనకుండుటకై ప్రభుత్వము భూమిమీదనే కొన్ని ప్రసారకేంద్రములను నిర్మించినది. జయపూరు, రాయపూరు, గుల్బర్గా, సంబల్‌పూరు, ముజఫర్‌పూరులతో పాటు హైదరాబాదు అట్టిదే. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ ప్రారంభమైనది. అప్పటికి సంవత్సరమున్నర ముందే, 1976 ఏప్రిల్ 1న, దూరదర్శన్ ఆకాశవాణి నుండి వేరై నిలిచినది. అన్నియు కలిపి చూచినను, సైట్ పల్లెలలో నూటికి నలువదింటికే ఈ కేంద్రముల వలన మరల బొమ్మ అందినది. హైదరాబాదు దూరదర్శన్ నగరపు వైభవముగా పుట్టినదని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను: అది పల్లెల కొరకు పుట్టి నగరమునకు దక్కినది.

యానామున కిది దక్కలేదు. టెలివిజను తరంగము రేడియో తరంగమువలె దిగంతములను దాటిపోవునది కాదు. స్తంభపు కొన కంటికి కనబడునంత మేర, అనగా ఇంచుమించు నూరు కిలోమీటర్లు, పోయి నిలుచును. హైదరాబాదు గౌతమీతీరమునకు ఎన్నియో మడుగుల దూరము. 1977లో పుట్టిన తెలుగు టెలివిజనును యానాము బాలలు చూచుటకు చాల సంవత్సరములు పట్టినది. ఆ సంవత్సరములలో వారికి విజయవాడ రేడియోయే దిక్కు. దీనిని లోపముగా మాత్రమే చూడనక్కరలేదు. బొమ్మ లేని కథలో బొమ్మను వినువాడే గీసికొనవలెను. ఆ తరము వారి మాటలలో రేడియో నాటికల పాత్రల ముఖములు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున నుండుట అందరెరిగినదే.

1982లో రెండు సంగతులు జరిగినవి. ఏప్రిల్ 10న దేశపు సొంత ఉపగ్రహము ఇన్సాట్-1ఏ నింగి కెగసినది. సెప్టెంబరులోనే అది పనికిరాకుండ పోయినది. ఆగస్టు 15న రంగుల ప్రసారము ఆరంభమైనది. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి వచ్చి నిలదొక్కుకొనినది. ఆ తరువాత 1984లో చిన్న ప్రసారిణులను దేశమంతట రోజున కొకటి చొప్పున నాటిరనుట ప్రసిద్ధము. 1980ల నడిమి కాలముననే కోస్తా పట్టణములకును టెలివిజను అందుబాటులోనికి వచ్చినది. కాని తొలిదినములలో ఈ చిన్న ప్రసారిణులు ప్రధానముగా ఢిల్లీ నుండి వచ్చు కార్యక్రమములనే తిరిగి పంపెడివి. హైదరాబాదు తెలుగు ఉపగ్రహము ద్వారా రాష్ట్రమంతటికి ప్రతిదినమును చేరుట తరువాతి మాట. కావున గోదావరీతీరపు బాలలకు టెలివిజను మొదట మాటాడిన భాష హిందీ.

ఇది విచిత్రమైన చదువు. "విక్రమ్ ఔర్ బేతాళ్" 1985లో వచ్చినది. విక్రమార్కుని కథలు తెలుగు పిల్లలకు చందమామ ద్వారా సుపరిచితములు. భాష తెలియకున్నను కథ తెలియును. తెలిసిన కథతో తెలియని భాషను నేర్చిరి. 1974లో విజయా మూలే తీసిన "ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా" అను చిన్న బొమ్మలచిత్రము దూరదర్శన్‌లో పలుమార్లు వచ్చి, హిందీ రాని బాలలకును కంఠస్థమైనది. అందులో పిల్లలకు ఐకమత్యమును బోధించునది ఒక అక్కయ్య. రేడియో అన్నయ్య, అక్కయ్యలు మద్రాసులో ఏ యుక్తిని పట్టిరో, ఢిల్లీలో కూర్చున్న విజయా మూలేకును అదే తోచినది. ఆమె తరువాత విద్యాసాంకేతిక కేంద్రమున పనిచేసి, సైట్ బాలల కార్యక్రమములలోను పాలుగొనినది, 2019లో మరణించినది. బొమ్మలచిత్రములోని పిల్లల వాక్కు తెలుగు బాలుని నోట నిలిచినది. దానిని తీసిన ఆమె పేరు మాత్రము ఎందరికో నేటికిని తెలియదు.

తెలుగులో ప్రత్యేకముగా బాలలకొరకు నిర్మించిన పాఠములు లేకపోలేదు. ఇన్సాట్ విద్యాప్రసారములు 1982లో మొదట ఆంధ్ర ప్రదేశ్, ఒరిస్సాలకే ఆరంభమై, పిమ్మట బీహారు, గుజరాతు, మహారాష్ట్ర, ఉత్తర ప్రదేశములకు విస్తరించినవి. అయిదు మొదలు ఎనిమిదేండ్ల వారికొకటి, తొమ్మిది మొదలు పదునొకండేండ్ల వారికొకటి అని రెండు భాగములు. హైదరాబాదులో రాష్ట్ర విద్యాసాంకేతిక సంస్థ తెలుగు పాఠములను నిర్మించినది. ఇచ్చట ఒక హాస్యాస్పదమైన చిక్కు కలదు. పాఠములు వచ్చునది పనిదినములలో ఉదయము, బడివేళ. బడులలో పెక్కింటికి టెలివిజను లేదు. టెలివిజను ఉన్న ఇండ్ల పిల్లలు ఆ వేళకు బడిలో నుందురు. జ్వరము వచ్చిన దినముననో, వానకు బడి మూసిన దినముననో తప్ప, ఎవరికొరకు తీసిరో వారు చూచు అవకాశము తక్కువ. పలువురి స్మృతిలో ఈ పాఠములు మిరియాల కషాయముతో కలిసియుండుటకు ఇదియే కారణము కాబోలు. 1984 ఆగస్టు 15న మొదలైన విశ్వవిద్యాలయ నిధుల సంఘపు ఆంగ్లపాఠములు కళాశాలల కొరకు తీసినవైనను, మధ్యాహ్నపువేళ బడినుండి వచ్చిన చిన్నవారును చూచిరి. కొందరికి అర్థమైనది, కొందరికి నిద్రపట్టినది.

అమెరికాలో 1969 నవంబరు 10న "సెసమీ స్ట్రీట్" ఆరంభమైనది. అక్షరములను, అంకెలను బడికి పోని పేదపిల్లలకు ఇంటనే నేర్పవలెనని దాని సంకల్పము. ఏండ్లకు ఏండ్లు ఎడతెగక సాగుటయే దాని బలము. తల్లి చూచినదానిని బిడ్డయు చూచెను. సైట్ దానికి ఆరేండ్ల తరువాతనే మొదలైనది. ఉద్దేశమున దానికి ఏ మాత్రమును తీసిపోదు, పరికరముల సాహసమున మించినది కూడ. లేనిది నిలకడ. ఒక యేడు ఉపగ్రహము, పిమ్మట విరామము, పిమ్మట వేరొక ఉపగ్రహము, వేరొక సంస్థ, వేరొక వేళ. అన్నయ్య ఒక్కడు చిరకాలము అదే పెట్టెలో కూర్చున్నట్లు టెలివిజనులో ఎవరిని కూర్చుండనీయలేదు. 1990లలో "టర్నింగ్ పాయింట్" అను విజ్ఞాన కార్యక్రమమున యశ్‌పాల్ స్వయముగా తెరమీదికి వచ్చి, పిల్లలు వ్రాసిన ప్రశ్నలకు తెలియనిచో తెలియదని చెప్పుచు, తెలిసినంత వివరించెను. టెలివిజనులో అన్నయ్యకు అతిసమీపమునకు వచ్చినవా డాయనయే యనవచ్చును. కాని ఆయన తెలుగువాడు కాడు.

1995లో జెమిని, ఈటీవీ రాగా తెలుగు టెలివిజను ఇంటింటి మాటైనది. కేబులు తీగకు పాలనాసరిహద్దు లేదు. యానాము వీధులలోను, కాకినాడ వీధులలోను ఒకే బొమ్మ. బాలల విద్య మాత్రము ఆ బొమ్మలో అంచునకు జరిగినది. 1996 నవంబరు 6న గోదావరీ ముఖమున విరుచుకుపడిన తుపాను రాత్రి, తీగలు తెగి తెరలు చీకటి కాగా, వార్త కొరకు జనులు మరల బ్యాటరీ రేడియోనే చేతబట్టిరి.

ఈ బాలప్రసారములలో మిగిలినది చాల స్వల్పము. టేపు ఖరీదైన వస్తువు. ఒక కార్యక్రమమును తుడిచి దానిమీదనే మరియొకటి ముద్రించుట ఆనాటి ప్రసారసంస్థలందు లోకమంతట పరిపాటి. సైట్ పరిశోధనల నివేదికలు గ్రంథాలయములలో నున్నవి; పరిశోధకులు ఎన్ని మార్కులు వేసిరో తెలియును. ఆ యిరువదిరెండున్నర నిమిషములలో కర్నూలు పల్లెపిల్లవాడు చూచిన తెలుగుపాఠము ఎట్లుండెనో చూపుమన్నచో చూపుట కష్టము. సర్కారు కాగితము బ్రతికినది, పిల్లల పాట పోయినది. 1975లో ఏడేండ్లవాడు నేడు అరువదికి దగ్గర. ఎవరైన ఆ పల్లెలకు పోయి అడిగి వ్రాసికొనవలసినచో కాలము తక్కువగా నున్నది. తెర ముందు కూర్చున్నవారు ఉన్నారు గాని, దానిని నడపిన పంతుళ్లు పలువురు ఇప్పటికే గతించిరి.

2014లో రాష్ట్రవిభజనముతో దూరదర్శన్ తెలుగు ప్రసారమును రెండయినది: తెలంగాణకు యాదగిరి, ఆంధ్ర ప్రదేశ్‌కు సప్తగిరి. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడగా, ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము సప్తగిరి ద్వారా "విద్యావారధి" పేర తరగతులవారీగా పాఠములను చెప్పించినది. యశ్‌పాల్ కాలమునాటి వేళల చిక్కు ఈసారి లేదు. బడియే ఇంటికి వచ్చినది. యానాము బడుల పాఠ్యపుస్తకములు అప్పటికి ఆంధ్ర ప్రదేశ్‌వే యగుటచే, ఆ పాఠములు పొరుగు రాష్ట్రపు పిల్లలకు ఉద్దేశించినవైనను ఇచ్చటి పిల్లల పుస్తకముతో పుటకు పుట సరిపోయినవి. పుదుచ్చేరి దూరదర్శన్ ప్రధానముగా తమిళమున మాటాడునది. 1940లలో మద్రాసు రేడియోవలె, 2020లో సప్తగిరియు యానామునకు తన కొరకు కాని ప్రసారమే. అయినను తన భాషదే.

ఆ పిమ్మట మూడేండ్లకు, 2023లో, పుదుచ్చేరి ప్రభుత్వపు బడులు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పాఠ్యక్రమమునకు మరలుట మొదలుపెట్టినవి. యానాము బడులును వానితో కూడ మరలినవి. నేడు యానాము పిల్లవాని సంచిలోని పుస్తకమును, ఎల్లకు ఆవల నున్న అతని మేనమామ కొడుకు పుస్తకమును ఒకటి కావు.